నెల్లూరులో నిలువ నీడ లేనివాళ్ల కోసం 25 లక్షలు: వసతి గృహం కట్టాలా, వేరే దారి ఉందా?

పెన్నాగట్టు:

అందరికీ నమస్కారం. మాది పాత విద్యార్థులం కలిసి పెట్టుకున్న చిన్న ట్రస్టు. ఆదాయపన్ను మినహాయింపు నమోదులు 12ఏ, 80జీ రెండూ ఉన్నాయి. ఏడాదికి 8 లక్షలు, మూడేళ్లకు కలిపి 25 లక్షల లోపు పెట్టగలం. కృష్ణపట్నం వైపు ఒక కంపెనీ తన సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత నిధి) నుంచి ఇంకొంత కలుపుతానంటోంది. రాత్రిళ్లు స్టేషన్ ముందు, మద్రాసు బస్టాండు దగ్గర, పెద్దాసుపత్రి ఆవరణలో పడుకునేవాళ్లకు పనికొచ్చేది ఏదైనా చేయాలని ఆలోచన.

కమిటీలో సగం మంది స్థలం చూసి వసతి గృహం కట్టేద్దామంటున్నారు. మిగతావాళ్లు దుప్పట్లు, అన్నం పొట్లాలు పంచితే చాలంటున్నారు. నాకు రెండూ కుదిరేట్టు లేవు గానీ, ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నా. కమిషనర్ గారిని కలిసే లోపు మూడు సంగతులు తెలియాలి. ఎంతమంది ఉన్నారో ఎట్ట లెక్క తీయాలి? షెల్టర్లలో మంచాలు ఖాళీగా ఉన్నా జనం బయటెందుకు పడుకుంటారు? మా డబ్బు ఎక్కడ పెడితే వృథా కాకుండా ఉంటుంది? "ప్రభుత్వమే చేయాలి" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు, ఆ మాట కమిటీలో చాలాసార్లు విన్నాం.

వార్డు_డెస్కు:

కట్టొద్దండి. స్థలం, గోడలు కార్పొరేషన్ వంతు. సరిగా వాడని కమ్యూనిటీ హాలో, మూతపడ్డ స్కూలు గదులో ఏ ఊళ్లో అయినా వెతికితే దొరుకుతాయి. దొరకనిదల్లా నెలనెలా జీతమిచ్చి అక్కడ మనుషుల్ని నిలబెట్టే డబ్బు.

జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ 2013లో వచ్చింది. మన దగ్గర మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) అమలు చేసింది. దాని లెక్కలో లక్ష జనాభాకు ఒక షెల్టరు, ఒక్కోటి 50 నుంచి 100 మందికి, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలి. 2011 జనాభాతో చూసినా నెల్లూరుకు ఐదు, ఒంగోలుకు రెండు రావాలి. నిర్వహణకు 50 మంది షెల్టరుకు ఏడాదికి 6 లక్షలు, అంటే నెలకు 50 వేలు. మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు, ఒక మేనేజరు, ఊడ్చి కడిగే మనిషి, కరెంటు, ఫినాయిలు, దుప్పట్ల ఉతుకు అన్నీ అందులోనే. కేర్‌టేకరుకు 12 వేలు వేసుకున్నా ముగ్గురికే 36 వేలు పోయింది. మిగిలిన 14 వేలతో మిగతావన్నీ కుదరవు కాబట్టి మనుషుల్ని తగ్గిస్తారు. రాత్రికి ఒక్కడే మిగులుతాడు, అతను పదింటికి గేటుకు తాళమేసి పడుకుంటాడు. మంచాలు ఖాళీగా ఉండటానికి సగం కారణం ఇదే.

ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. కాబట్టి కమిషనర్ గారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ ఏడాది షెల్టర్ల నిర్వహణ ఖర్చు ఏ పద్దు కింద రాస్తున్నారు? జవాబు కాగితం మీద తీసుకోండి.

మిగతా సగం కారణాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ మనిషి లోపలికి వచ్చేదీ రానిదీ వాటి మీదే ఆధారపడి ఉంటుంది. హోటల్లో గిన్నెలు కడిగేవాడు పని ముగించేసరికి రాత్రి పన్నెండు. కూరగాయల మార్కెట్ హమాలీ మూడింటికే లేచి పోవాలి. పదింటికి మూసి ఆరింటికి తెరిచే గేటు వీళ్లిద్దరికీ పనికిరాదు. చిత్తుకాగితాలు ఏరే మనిషికి ఆ మూటే ఆ రోజు కూలి, దాన్ని బయట వదిలి లోపల పడుకోమంటే పడుకోడు. తోపుడు బండ్లకు గొలుసేసి కట్టుకునేందుకు ఆవరణలో ఒక ఇనుప కడ్డీ పాతించండి. లోపల మంచానికొక చిన్న ఇనుప పెట్టె ఇవ్వండి, తాళం మాత్రం వాళ్లదే ఉండాలి. ఆధార్ లేదని గేటు దగ్గరే వెనక్కి పంపకూడదు. మొగుడూ పెళ్లాల్ని విడదీసి రెండు హాళ్లలో పడుకోమంటే ఇద్దరూ రారు, కుటుంబాలకు చిన్న గదులు విడిగా ఉండాలి. చెక్క మంచాలు వేస్తే ఆరు నెలల్లో నల్లులు పడతాయి. ఇనుప మంచం, రెక్సిన్ తొడుగున్న పరుపు, వారానికోసారి ఎండబెట్టడం తప్పనిసరి. మరుగుదొడ్లు పదిమందికి ఒకటికి తగ్గితే పొద్దున ఐదింటికి గొడవలే.

ఇంకోటి. షెల్టరు అనగానే చలికాలం గుర్తొచ్చేది ఢిల్లీ వాళ్లకు. మనకు కష్టకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు. తర్వాత మే నెల వడగాడ్పు. రేకుల కప్పు కింద మే మధ్యాహ్నం ఎవరూ ఉండలేరు. పగలు కూడా తెరిచి ఉంచడం, నీళ్లు పెట్టడం ఆ రెండు కాలాల్లో ప్రాణాలకు సంబంధించిన సంగతి. దోమతెర కట్టడానికి కొక్కేలు లేని షెల్టరు నెల్లూరులో షెల్టరే కాదు, మన దోమల గురించి కొత్తగా చెప్పేదేముంది.

లెక్క సంగతి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 17.7 లక్షలు అని తేలింది. ఊరి స్థాయిలో ఆ అంకె మీకు పనికిరాదు, ఒక రాత్రి గబగబా తిరిగి తీసింది. మీరే తీయండి. ఊరిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ముగ్గురు, అందులో ఒకరు ఆడమనిషి, వీలైతే ఒకరు అక్కడే పడుకునే మనిషి (అతనికి కూలి ఇవ్వాలి). రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టి నాలుగు లోపు ముగించాలి. నిద్రపోతున్నవాళ్లను లేపొద్దు, ఎక్కడ ఎంతమంది అన్నది మాత్రం రాసుకోండి. మాటలు మర్నాటి సాయంత్రం. వారం తేడాతో ఇదే ఇంకోసారి. రొట్టెల పండుగ రోజుల్లో మాత్రం వద్దు, దర్గా చుట్టుపక్కల వేలమంది యాత్రికులు ఆరుబయట పడుకుంటారు, లెక్క పాడవుతుంది. అడగాల్సినవి కొన్నే: ఎన్నాళ్లనుంచి, చివరిసారి అద్దెకున్నది ఎక్కడ, అక్కడి నుంచి ఎందుకు వచ్చేశారు, పని ఏంది, ఒంట్లో ఎట్ట ఉంది, ఏ కాగితాలు ఉన్నాయి. పేర్ల జాబితా ఒక్కరి దగ్గరే ఉండాలి. అది పోలీసుల చేతికో, వాట్సాప్ గ్రూపులోకో పోయిందంటే ఇంకెవరూ మీతో మాట్లాడరు.

ఒంగోలు_గిత్త:

డెస్కు గారు చెప్పినదాంట్లో తప్పేం లేదు. కానీ ఆ ఖర్చంతా మనిషి రోడ్డు మీదికి వచ్చాక పెట్టేది. నన్నడిగితే అందులో సగం రాకముందే పెట్టాలంటాను.

మార్కాపురం, కనిగిరి, దర్శి వైపు నుంచి బేల్దారి పనికి వచ్చి ఒంగోలులోనో నెల్లూరులోనో ఒంటిగది అద్దెకు తీసుకున్న కుటుంబాన్ని తీసుకోండి. వానలు పట్టి మూడు వారాలు పని ఆగింది, లేదా ఇంటాయన పరంజా మీద నుంచి పడ్డాడు. మొదటి నెల అద్దె ఆగుతుంది. రెండో నెల అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. మూడో నెల సామాను బయట పడుతుంది. ఈ మూడు నెలల మధ్యలో 10 వేలో 12 వేలో సమయానికి అందితే ఆ ఇల్లు నిలబడుతుంది. షికాగోలో ఇట్టాంటి ఒక్కసారి సాయం మీద చేసిన అధ్యయనం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. నిధి ఉన్న రోజు ఫోన్ చేసినవాళ్లు, నిధి అయిపోయిన రోజు ఫోన్ చేసినవాళ్ల కంటే ఆరు నెలల్లో షెల్టరుకు చేరే అవకాశం 76 శాతం తక్కువ. ఇద్దరికీ తేడా ఏ రోజు ఫోన్ చేశారన్నదే.

నడిపే తీరు ముఖ్యం. దరఖాస్తు వచ్చిన 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి. నెలకోసారి కూర్చునే కమిటీకి ఈ పని అప్పజెప్పకండి, మీరు కూర్చునేసరికి గది ఖాళీ అయిపోయి ఉంటుంది. ఇద్దరు సంతకం పెడితే చాలనుకోండి. డబ్బు నేరుగా ఇంటి యజమాని ఖాతాకే పోవాలి, ఆయన "ఇన్ని నెలల బాకీ తీరింది, ఇంకో రెండు నెలలు ఖాళీ చేయించను" అని తెల్లకాగితం మీద రాసివ్వాలి. కుటుంబానికి గరిష్ఠంగా 15 వేలు, ఏడాదికి ఒక్కసారే. మీ ఏడాది 8 లక్షల్లో సగం, 4 లక్షలు పెట్టి సగటున 12 వేలు ఇచ్చినా 33 కుటుంబాలు.

చెడేది ఎక్కడంటే, యజమానీ అద్దెకున్నాయనా కూడబలుక్కుని లేని బాకీ చూపిస్తారు. మీ మనిషి ఒకసారి పోయి పక్క గదులవాళ్లతో మాట్లాడితే చాలావరకు బయటపడుతుంది. రెండోది ఇంకా పెద్దది. అద్దె బాకీ 8 వేలు, మైక్రోఫైనాన్సు వారం కిస్తీలు, కాల్‌మనీ వాళ్ల బాకీ కలిపి లక్ష ఉంటే మీ డబ్బు నెల కూడా ఆపదు. ఊరొదిలి పోతారు. అందుకే మొదట అడగాల్సింది అద్దె ఎంతని కాదు, అప్పులన్నీ కలిపి ఎంతని. ఇంకా దయచేసి వడ్డీలేని అప్పుగా ఇవ్వకండి, అది వాళ్ల జాబితాలో ఇంకో అప్పు.

వార్డు_డెస్కు:

@ఒంగోలు_గిత్త మాట ఒప్పుకుంటా, లెక్క ఒప్పుకోను. సగం వద్దు. ఇల్లిల్లూ తిరిగి నిజానిజాలు చూసే మనిషి లేకుండా 4 లక్షల అద్దె నిధి తెరిస్తే రెండు నెలల్లో కార్పొరేటర్ల చీటీలతో నిండిపోతుంది. మొదటి ఏడాది 2 లక్షలతో మొదలుపెట్టండి. 8 లక్షలు నేనైతే ఇట్ట వేస్తా: ఉన్న షెల్టరులో రాత్రి అదనంగా ఇద్దరు కేర్‌టేకర్లకు 2 లక్షల 88 వేలు, బయట తిరిగే కార్యకర్త ఒకరికి నెలకు 18 వేల చొప్పున 2 లక్షల 16 వేలు, అద్దె నిధి 2 లక్షలు. మిగిలిన 96 వేలు పెట్టెలు, దోమతెరలు, ఆటో చార్జీలు, ఫొటోలు, జిరాక్సులకు. అన్నం మీద రూపాయి పెట్టొద్దు. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలే, దగ్గర్లో లేకపోతే అక్కడి దాకా తీసుకుపోయే ఏర్పాటు చేయండి, సెలవు రోజులు మాత్రం విడిగా చూసుకోండి.

లెక్కల_పద్దు:

సీఎస్‌ఆర్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135. మీ ట్రస్టుకు మూడేళ్ల పని చరిత్ర, 12ఏ, 80జీ ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 నమోదు సంఖ్య కూడా తప్పనిసరి. అది లేకుండా కంపెనీ మీ ద్వారా సీఎస్‌ఆర్ ఖర్చు చూపించలేదు. మీరు దాని ఊసెత్తలేదు, ముందు అది చూసుకోండి.

ఏ పనులకు సీఎస్‌ఆర్ వాడొచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూలులో ఇల్లు లేనివాళ్లన్న మాట సూటిగా దొరకదు. పేదరికం, ఆకలి నిర్మూలన ఒక అంశం. మహిళలకు, అనాథలకు వసతి, వృద్ధులకు వసతి, డే కేర్ ఇంకో అంశం. మురికివాడల అభివృద్ధి మరొకటి. మీ ప్రతిపాదనను వీటిలో ఒకదాని కింద రాయండి.

కంపెనీలు మార్చిలో తొందరపడతాయి. "నెలాఖరులోగా బిల్లులివ్వండి" అంటారు, మీరు 60 మంచాలు కొంటారు, ఏప్రిల్ నుంచి జీతాలకు పైసా ఉండదు. దీనికి మందు చట్టంలోనే ఉంది. "కొనసాగే ప్రాజెక్టు"గా బోర్డు ఆమోదిస్తే మొదలైన ఆర్థిక సంవత్సరం కాక ఇంకో మూడేళ్లు నడపొచ్చు. ఆ ఏడాది ఖర్చు కాని డబ్బును ఏడాది ముగిశాక 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేస్తే సరిపోతుంది. ఇంకో అపోహ: జీతాలన్నీ పరిపాలన ఖర్చేనని, 5 శాతం దాటకూడదని చాలామంది సీఎస్‌ఆర్ అధికారులు పట్టుబడతారు. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగం నడుపుకునే సాధారణ ఖర్చుకు. షెల్టరులో రాత్రి కాపలా ఉండే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చే.

ఒప్పందం ముగ్గురి మధ్య రాయండి: కార్పొరేషన్, కంపెనీ, మీరు. భవనం, రిపేర్లు, కరెంటు, నీళ్ల బిల్లు కార్పొరేషన్‌వి. కంపెనీ డబ్బు మూడు నెలలకోసారి ముందుగా రావాలి. "ఖర్చు పెట్టి బిల్లు పెట్టండి" అన్న షరతుకు చిన్న ట్రస్టులు బలైపోతాయి. రెండు నెలల జీతాలకు సరిపడా డబ్బు ఎప్పుడూ పక్కన ఉంచండి.

నిండిన మంచానికి ఇంత అని చెల్లించే పద్ధతి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. మర్నాటి నుంచి రిజిస్టరులో పేర్లు పుట్టుకొస్తాయి, చేతిరాత కూడా ఒక్కటే ఉంటుంది. అడగాల్సిన లెక్క వేరు. ఎంతమంది అద్దె గదికి మారారు, ఆరు నెలల తర్వాత వాళ్లలో ఎంతమంది ఇంకా అదే గదిలో ఉన్నారు, ఎంతమందికి పింఛను మొదలైంది.

ఓపీ_చీటీ:

పెద్దాసుపత్రి దగ్గర పడుకునేవాళ్లను ఒక్క గుంపుగా చూడొద్దండి. అక్కడ మూడు రకాలున్నారు.

రోగుల తాలూకు మనుషులు, అంటే ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు నుంచి వచ్చి పదిరోజులుండేవాళ్లు. వీళ్లకు సొంత ఊళ్లో ఇల్లుంది. చాప, స్నానం, ఫోన్ చార్జింగు, సామాను పెట్టుకునే చోటు చాలు. చెన్నై కార్పొరేషన్ ప్రభుత్వాసుపత్రుల ఆవరణల్లోనే ఇట్టాంటి షెల్టర్లు నడుపుతోంది, ఒకసారి పోయి చూసి రండి. వీళ్లను మామూలు షెల్టరులో కలిపితే రెండు వర్గాలూ ఇబ్బంది పడతాయి.

రెండో రకం, డిశ్చార్జి అయినా తీసుకుపోయేవాళ్లు లేనివాళ్లు. కాలు తీసేసినవాళ్లు, షుగరు పుండు ఉన్నవాళ్లు, టీబీ మందులు వాడుతున్నవాళ్లు. మామూలు షెల్టరులో వీళ్లకు కట్టు కట్టేవాళ్లు ఉండరు, నెల తిరక్కముందే మళ్లీ వార్డుకు వస్తారు. ఐదారు మంచాలున్న ఒక గది, రోజుకో గంట వచ్చే నర్సు, నేలమట్టానికి మరుగుదొడ్డి, గోడకు పట్టుకునే కడ్డీ. మీ స్థాయి ట్రస్టుకు ఇంతకంటే తగిన పని లేదని నా అభిప్రాయం. టీబీ ఉన్నవాళ్లకు మాత్రం గాలీ వెలుతురూ ఉన్న వేరే గది ఉండాలి.

మూడోది, మతిస్థిమితం తప్పి తిరిగేవాళ్లు. మనది చెన్నై–విజయవాడ రైలు మార్గం మీది ఊరు, ఏ భాష వాళ్లయినా ఇక్కడ దిగుతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, సెక్షన్ 100 ప్రకారం ఇట్టాంటి మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో దగ్గరి ప్రభుత్వ వైద్యశాలలో చూపించే బాధ్యత స్టేషన్ ఆఫీసరుది. లాకప్‌లో పెట్టకూడదు. ఈ సెక్షన్ నంబరు చెప్పి రాతపూర్వకంగా అడిగితే పని జరిగే అవకాశం పెరుగుతుంది. సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ 14416.

వైద్యం అయ్యాక ఏంటన్నదే అసలు చిక్కు. "ఊరికి పంపేశాం" అని ఫొటో పెడతారు, ఇంట్లోవాళ్లు మందులు ఆపేస్తారు, మనిషి మళ్లీ రైలెక్కుతాడు. పంపేముందు ఆ ఊళ్లో మందులు దొరికే ఆసుపత్రి ఏదో కనుక్కుని, నెల మందులు ఇచ్చి, మొదటి మూడు నెలలు వారం వారం ఫోన్ చేయాలి. ఇంటికి పోలేనివాళ్ల కోసం చెన్నైలో 1993 నుంచి పనిచేస్తున్న ది బన్యన్ సంస్థ పద్ధతి చూడండి. నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, సాయానికి ఒకరుంటారు. పెద్ద హోముల కంటే ఇది మేలు.

పెన్నాగట్టు:

ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. కట్టడం సంగతి పక్కన పెట్టేశాం. రెండు సందేహాలు. కాగితాలు లేనివాళ్లకు ఆధార్, పింఛను ఏ వరుసలో చేయించాలి? పొర్లుకట్ట (పెన్నా వరదకట్ట), కాలవ గట్ల మీద గుడిసెలేసుకున్న యానాది (గిరిజన) కుటుంబాలు మా లెక్కలోకి వస్తాయా?

వార్డు_డెస్కు:

ఆధార్‌కు ముందు ఒక్క ప్రశ్న: ఎప్పుడైనా వేలిముద్రలు ఇచ్చారా? ఇచ్చి కార్డు పోగొట్టుకున్నవాళ్లకు కొత్తగా నమోదు చేయిస్తే, పాత ముద్రలతో సరిపోలి తిరస్కరణకు గురవుతుంది, నెలలు పోతాయి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో పాత నంబరు వెతికించండి. ముద్రలు అరిగినవాళ్లకు కంటిపాపతో ప్రయత్నించమని అడగండి. అసలు లేనివాళ్లకు, చిరునామా మార్చాల్సినవాళ్లకు గుర్తింపు ఉన్న షెల్టరు నిర్వాహకుడు ఆధార్ సంస్థ నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. ఫొటో మీద సంతకం, ముద్ర రెండూ పడాలి, తేదీ నుంచి మూడు నెలలే గడువు. అందుకే షెల్టరుకు గుర్తింపు ఉత్తర్వు తీసుకోవడం మంచాల కంటే ముందు చేయాల్సిన పని.

దాని తర్వాత బ్యాంకు ఖాతా, బియ్యం కార్డు, పింఛను. వృద్ధాప్య పింఛను ఇప్పుడు నెలకు 4 వేలు. వయసు 60, గిరిజనులకు 50. ఆధార్‌లో వయసు తప్పుగా పడితే ముందు అది సరిచేయించాలి. పింఛను సచివాలయం సిబ్బంది చేతికిస్తారు కాబట్టి మనిషి ఏ సచివాలయం పరిధిలో ఉంటే అక్కడికి బదిలీ పెట్టించండి, లేకపోతే ఒకటో తారీఖున పాత ఊరికి పరుగెత్తాలి. పిల్లలు గెంటేసిన ముసలివాళ్లయితే తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవో దగ్గర పోషణ ఖర్చుకు దరఖాస్తు పెట్టించొచ్చు. ఓటుకు ఫారం 6, చిరునామా రుజువు అడగకూడదు. బీఎల్‌వో (పోలింగ్ బూత్ స్థాయి అధికారి) రాత్రిపూట, ఒకటికంటే ఎక్కువసార్లు వచ్చి మనిషి అక్కడే పడుకుంటున్నాడా అని చూస్తారు.

యానాది కుటుంబాలు తప్పకుండా లెక్కలోకి వస్తాయి, కానీ షెల్టరు లెక్కలోకి కాదు. వాళ్లకు కావాల్సింది స్థలం. చెరువు, కాలవ, నది గట్లు అభ్యంతరకర పోరంబోకు, అంటే ఎవరికీ ఇవ్వకూడని ప్రభుత్వ భూమి, అక్కడ పట్టా ఆశ పెట్టొద్దు. కూల్చివేతల మీద 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన 15 రోజుల నోటీసు రక్షణ కూడా రోడ్లు, రైలు పట్టాల పక్కన, నది, నీటి వనరుల మీద ఉన్నవాటికి వర్తించదు. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చినప్పుడు ఆ ఒడ్డు కాలనీలు మునిగాయి కాబట్టి అక్కడే ఉంచమనడం కూడా న్యాయం కాదు. చేయాల్సింది వేరే చోట ఇంటి స్థలానికి తహసీల్దారుకు కుటుంబాల వారీగా అర్జీలు. దానికి కుల ధ్రువపత్రం, ఆధార్, భార్యాభర్తలకు ఎక్కడా పక్కా ఇల్లు లేదన్న పత్రం కావాలి. స్థలం చూపించేటప్పుడు దూరం అడగండి. చేపలు, పీతలు పట్టుకుని బతికేవాళ్లకు నీళ్లకు పది కిలోమీటర్ల అవతల స్థలమిస్తే పట్టా ఇంట్లో ఉంటుంది, మనుషులు మళ్లీ గట్టు మీదే ఉంటారు. మీ కార్యకర్త చేత ముందు ఒక్క గట్టు మీది కుటుంబాల జాబితా రాయించండి. ఎవరికి ఏ కాగితం లేదో వరుసగా తెలిసిపోతుంది. సోమవారం గ్రీవెన్సులో (అధికారులు అర్జీలు తీసుకునే రోజు) అర్జీలన్నీ ఒకేసారి పెట్టి రసీదులు తీసుకోండి.